చతురంగగృహ సంఖ్యయు శబ్దాంకముల పాఠనిర్ణయమును

ప్రాచీనగ్రంథములను, శాసనములను బరిష్కరించు పండితుల కెదురగు చిక్కులలో శబ్దాంకముల చిక్కు ముఖ్యమైనది. అంకెలకు మాఱుగాఁ జంద్రుఁడు, నేత్రములు, అగ్నులు, వేదములు, బాణములు మొదలగు పదములచే సంఖ్యను జెప్పుట మన దేశమునఁ జిరకాలాచారము. లేఖకుఁ డొక యక్షరమును దప్పుగా వ్రాసినచోఁ గావ్యమునందు ఒక పద్యముయొక్క యర్థము మాత్రము చెడును. అదియే సంఖ్యావాచకమందు జరిగినచో ఒక రాజుయొక్క కాలము పదియేండ్లో, ఇరువదియేండ్లో, ఒక్కొక్కయెడ నూఱేండ్లో తాఱుమాఱగును. ఆ రాజు నాశ్రయించిన కవులును, ఆ కవులు రచించిన గ్రంథములును దమతమ స్థానములనుండి తొలఁగిపోవును. కావున నిట్టి పదములను బరీక్షించుటకుఁ దగిన యొరగల్లు గలదా యని విచారింపవలసియున్నది. అందులకు ఇరువదియంకెల సంఖ్య యొకటి మంచి సాక్ష్యమిచ్చుచున్నది. అది చదరంగపు బల్లయందలి అఱువదినాలుగు గళ్లలో నొకటి మొదలు రెట్టింపుగాఁ బెట్టుచుఁబోయిన గింజల మొత్తము: 18446744073709551615.

కళింగశాసనములందలి శబ్దాంకములు

ఈ యాచారమునకు నిదర్శనములను వెదకుటకుఁ గళింగము మిక్కిలి యనుకూలమైన దేశము. చంపావతీనది చెంతనున్న గజపతినగరమును, వంశధారాతీరమందలి ముఖలింగమును బూర్వము కళింగదేశములోనివే. ముఖలింగమే గాంగరాజుల కళింగనగరమని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగా రచ్చటి శాసనములను జదివి ప్రతిపాదించిరి. ఆ గాంగుల తామ్రశాసనములలో అనంతవర్మ వజ్రహస్తుని పట్టాభిషేకకాలము ఆకాశము, ఋతువులు, నిధులు అను నర్థముగల మూఁడు పదములచేఁ జెప్పఁబడియున్నది. ఆకాశమనఁగా సున్న, ఋతువు లాఱు, నిధులు తొమ్మిది. అంకెలు కుడినుండి యెడమకు నడచునను నియమమునుబట్టి యది శకవర్షము 960, అనఁగాఁ గ్రీ. శ. 1038 అగుచున్నది. శ్రీకాకుళముజిల్లా నడగామునందు దొరకిన శ. సం. 979 నాఁటి శాసన మిందులకుఁ బ్రమాణము.

వజ్రహస్తుని మనుమఁడగు అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకవర్షమును జెప్పుటకుఁ దొమ్మిదిని దెలుపు మూఁడు పదములను వరుసగాఁ గూర్చిరి. నందులు తొమ్మండుగురు, శరీరరంధ్రములు తొమ్మిది, గ్రహములు తొమ్మిది. కాఁగా శకవర్షము 999, క్రీ. శ. 1078. ఇందు మధ్యపదము విచారింపఁదగినది. రంధ్రశబ్దమును గొందఱు సున్నకుఁగూడ వాడుదురు. ఇచట నట్లు వాడిరని తలఁచినచో 909 వచ్చును. అప్పుడు మనుమఁడు తాతకంటె నేఁబదియొక్క సంవత్సరములు ముందుగాఁ బట్టాభిషిక్తుఁ డగును! వంశక్రమ మిట్లు రంధ్రశబ్దముయొక్క యర్థమును నిశ్చయించినది. నిఘంటువు రెండర్థములు చెప్పి యూరకుండఁగాఁ జరిత్ర యొకదానిని ద్రోసివేసినది. అయితే ఇట్టి సాక్ష్యము ప్రతిశాసనమునందును లభింపదు. సాక్ష్యమును సంఖ్య తనలోఁ దానే యుంచుకొనిన తావున శోధన యెంత దృఢముగా నుండునో చతురంగసంఖ్య చూపఁగలదు.

సంఖ్యోత్పత్తి

చదరంగమును గనిపెట్టిన బుద్ధిశాలికి రాజు మెచ్చి వరమడుగుమనఁగా, మొదటిగడికి నొక గింజ, రెండవగడికి రెండు, మూఁడవగడికి నాలుగు, ఈ క్రమమున నఱువదినాలుగు గళ్లకును గింజల నిమ్మని యాతఁ డడిగెనఁట. ఈ కథ హిందూదేశమున జరిగినట్లు అరబ్బుగ్రంథకర్తలు వ్రాసిరి. క్రీ. శ. 1000 ప్రాంతమునఁ గాలగణనముఁగూర్చి గ్రంథము వ్రాసిన అల్ బిరూనీ యీ మొత్తమును సరిగా లెక్కించి, లెక్కించు సులభమార్గమునుగూడఁ జూపెను.

ఆ మార్గము మనకుఁ గ్రొత్తది కాదు. ఛందశ్శాస్త్రకర్తయగు పింగళుఁడే యొక సంఖ్యను బలుమాఱు రెట్టించుటకు బదులు సగము చేయుచు, వర్గించుచుఁ బోవు సూక్ష్మరీతిని జెప్పియుండెను. దానినే మహావీరాచార్యుఁడు గుణోత్తరశ్రేఢికి వినియోగించెను. 64 సరిసంఖ్య; దాని సగము 32; దాని సగము 16; అటుపై 8, 4, 2, 1. ఆఱుమాఱులు సగము చేయఁగా నొకటి వచ్చినది గనుక, రెంటిని నాఱుమాఱులు వర్గించినఁ జాలును. రెంటి వర్గము 4, దాని వర్గము 16, పిదప 256, పిదప 65536, పిదప 4294967296, దాని వర్గము 18446744073709551616. ఇందొకటి తీసివేయఁగా బల్లయందలి మొత్తము వచ్చును. ఏలయనఁగా నేగడియందలి గింజలైనను దానికి ముందున్న గళ్లన్నిటి మొత్తముకంటె నొకటి మాత్రమే యధికము. అఱువదిమూఁడు రెట్టింపులతో ముగియవలసిన పని యాఱు గుణకారములతో ముగిసినది.

సాహిత్యజ్ఞులకు దీనితోఁ జుట్టఱికము గలదు. ఒక్కొక్క యక్షరము గురువో లఘువో కావలయుఁ గనుక నక్షర మొకటి పెరిగినపుడెల్ల వృత్తభేదములు రెట్టింపగును. ఇరువదియాఱక్షరముల యుత్కృతిచ్ఛందమున వృత్తములు 67108864 అని మన లాక్షణికులు చెప్పుట యీ లెక్కచేతనే. పాదమున కఱువదినాలుగక్షరములుగల ఛందమును భావించి దానిని బ్రస్తరించి, అందు సర్వగురువగు మొదటి భేదమును విడిచినచో మిగిలినవి సరిగాఁ జతురంగసంఖ్యయే. చదరంగపు బల్లయు, ఛందఃప్రస్తారమును నొకే గణితముయొక్క రెండు రూపములు.

స్థాననామములు

ఇంత పెద్దసంఖ్యను జెప్పుటకు మనవారికిఁ బేళ్ల కొఱఁత లేదు. రాష్ట్రకూటచక్రవర్తి యగు అమోఘవర్ష నృపతుంగుని కాలమునఁ, గ్రీ. శ. తొమ్మిదవ శతాబ్దమున, మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమును రచించెను. ఎం. రంగాచార్యులుగారు దానిని 1912 లో నాంగ్లానువాదముతోఁ జెన్నపురిలోఁ బ్రకటించిరి. అందు ఏకము మొదలు మహాక్షోభమువఱకు నిరువదినాలుగు స్థానములకుఁ బేళ్లున్నవి. కోటి యెనిమిదవ స్థానము, అర్బుదము పదునొకండవది, పద్మము పదునైదవది, ఇరువదవది మహాశంఖము. కాఁబట్టి చతురంగసంఖ్యలో మహాశంఖమొకటి, శంఖము లెనిమిది, మహాక్షోణులు నాలుగు, క్షోణులు నాలుగు, మహాపద్మము లాఱు, పద్మము లేడు, మహాఖర్వములు నాలుగు, ఖర్వములు నాలుగు, న్యర్బుదములు లేవు, అర్బుదము లేడు, శతకోట్లు మూఁడు, దశకోట్లు ఏడు, కోటిస్థానమున సున్న, దశలక్షలు తొమ్మిది, లక్ష లైదు, దశసహస్రము లైదు, సహస్ర మొకటి, శతము లాఱు, దశ యొకటి, ఏకము లైదు.

సెకండున కొక గింజ చొప్పున రేయింబవళ్లు లెక్కించినను దీనిని ముగించుటకు రమారమి 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. మన పురాణములలో నొక కల్పమునకు 432 కోట్ల వర్షములు. అనఁగా నీ లెక్క ముగియుటకు నూటముప్పదియైదు కల్పములు చాలవు. బియ్యపుగింజ యిరువదియైదు మిల్లీగ్రాములు తూఁగునని యెత్తుకొన్న యెడల మొత్తము సుమారు 46,117 కోట్ల టన్నులగును. ఆ రాజు వర మియ్యలేకపోవుట వింత గాదు.

తెలుఁగు పద్యము

మహావీరుని గ్రంథమును దెలిఁగించిన ఘనత పావులూరి మల్లనది. ఆతని సారసంగ్రహగణితమునకే పావులూరిగణితమని లోకవ్యవహారము. గ్రంథస్థమగు వంశకథనమునుబట్టి యాతని తాతయు మల్లననామకుఁడే. రాజరాజనరేంద్రునిచేఁ బిఠాపురప్రాంతమందలి నవఖండవాడను బడసినవాఁడు. చతురంగసంఖ్యను శబ్దాంకములచేఁ జెప్పు ప్రసిద్ధమగు చంపకమాల యొకటి యీ మల్లన పేరనే వ్యవహరింపఁబడుచున్నది. కర్తృత్వ మెట్లున్నను ఆ పద్యనిర్మాణము పరిశీలనార్హము.

ఇరువది యంకెలకు నిరువది పదములు. ఏకస్థానమునుండి ప్రారంభించి మహాశంఖస్థానమువఱకు వామగతిని నడచును. సంఖ్యయందు ఒకటి మూఁడు చోట్ల వచ్చును, మూఁడింటను జంద్రవాచకములే. ఐదు మూఁడు చోట్ల, మూఁడింటను బాణవాచకములే. ఏడు మూఁడు చోట్ల; మూఁడింటను బర్వతవాచకములు. రెండు సున్నలకును ఆకాశము. నాలుగు చోట్ల వచ్చు నాలుగింటికి సముద్రములు రెండుసారులు, వేదము లొకసారి, బ్రహ్మముఖము లొకసారి. ఆఱునకుఁ దర్కము లొకచోటను, స్పష్టముగా సంఖ్యావాచకమే మఱియొకచోటను. మూఁటికి నగ్ని, తొమ్మిదికి రంధ్రము, ఎనిమిదికి దిగ్గజముల లెక్కచే గజము. గజపతినగరము పేరియందును జదరంగపు బల్లపైనను నున్న గజమే యిచట శంఖస్థానమును గాచుచున్నది. ఇరువదియంకెలలో నెచ్చటను రెండు లేదు. కావున నేత్రములకును, బక్షములకును బద్యమునఁ దావు లేకపోయినది.

చంపకమాలకుఁ బ్రకృతిచ్ఛందమందలి వృత్తసంఖ్య 711600. ఉత్పలమాలకుఁ గృతియందు 355799. ఉత్పలమాల మొదటిగురువును రెండు లఘువులుగా విడఁదీసినఁ జంపకమాల యగుటచేతనే రెండవది మొదటిదాని రెట్టింపునకు రెండు కలిపినంత యున్నది. అనఁగా సంఖ్యను మోయుచున్న యీ పద్యపాదమునకే సంఖ్య యొకటి గలదు. ఇంత లెక్కకు లోఁబడిన పాదమున నొక యక్షరము పెరిగినను, దఱిగినను, గురులఘువులు తాఱుమాఱైనను వెంటనే తెలిసిపోవును.

మూఁడు కావళ్లు

ఈ సంఖ్య లేఖకుల చేతులలోఁ జెడకుండ మూఁడు కావళ్లున్నవి. మొదటిది గణము. రెండవది యతిప్రాసములు. మూఁడవది గణితము. మొదటి రెండును బద్యమునకు సంబంధించినవి. మూఁడవది సంఖ్యకే స్వభావసిద్ధమైనది. ఒక్కొక్కటి యెంతదూరము కాపాడఁగలదో చూతము.

పద్యారంభమున బాణవాచకమును దరువాతఁ జంద్రవాచకమును గలవు. రెండును రెండేసి లఘువుల పదములు. లేఖకుఁడు వీనిని ముందువెనుకలుగా వ్రాసినచో గణభంగము కలుగదు. 15 కడపట నుండవలసినచోట 51 వచ్చును. అయితే ప్రాసాక్షరము రేఫ మగుటచే నా మార్పు ప్రాసను భంగపఱచును. ఇచట గణము మోసపోయినను బ్రాస కాపాడినది.

ఇఁక గిరియను పదము కరియని మాఱెననుకొందము. ఒక్క యక్షరము భేదము. గణము చెడదు. ప్రాస చెడదు. ఆ పదము యతిస్థానముననున్నది కాదు. అర్థమును జెడదు, ఏనుఁగును సంఖ్యావాచకమే. కాని యేడునకు బదులు ఎనిమిది వచ్చును. అట్లే శశి శిఖియైనచో నొకటికి బదులు మూఁడు వచ్చును. శకవర్షమునందు దశస్థానమున నిట్టి లోపము కలిగినచో నిరువదియేండ్లు భేదించును. ఛందోజ్ఞుఁడు దీనిని గనిపెట్టలేఁడు. గణితజ్ఞుఁడు కనిపెట్టును.

తొమ్మిదిచే శోధించుట యందఱెఱిఁగినదే. ఒకటినుండి రెట్టింపుచేయఁగా వచ్చు సంఖ్యలను దొమ్మిదిచే భాగించిన శేషములు 2, 4, 8, 7, 5, 1 అని యాఱింటి కొకమాఱు తిరిగివచ్చును. అఱువదినాలుగవ రెట్టింపునకు శేషము 7. ఒకటి తీసివేయఁగా 6. కాఁబట్టి పద్యమందలి యంకెలమొత్తమును దొమ్మిదిచే భాగించిన నాఱు మిగులవలయును. సరియగు పాఠమునందు మొత్తము 87, శేష మాఱు. గిరి కరియైనచో 88, శేష మేడు. శశి శిఖియైనచో 89, శేష మెనిమిది. సముద్రము లేడను మతమునుబట్టి రెండు సముద్రవాచకములను నేడులుగాఁ గొన్నచో 93, శేషము మూఁడు. ఒకదానిని మాత్రమే యట్లు గొన్నచో 90, శేషము సున్న. తప్పులన్నియుఁ బట్టుపడినవి. సముద్రము లిచట నాలుగే యని నిఘంటువు నిర్ణయింపలేనిదానిని సంఖ్య నిర్ణయించినది.

కాని యీ శోధనకును బరిమితి గలదు. రంధ్రమును సున్నగాఁ గొన్నచో మొత్తము 78. శేషము మరల నాఱే. తొమ్మిదిచే భాగించునపుడు తొమ్మిదియు సున్నయు సమానములు గనుక నీ తప్పు దాఁగిపోవును. పదములు స్థానములు మాఱినను మొత్తము మాఱదు గనుక నదియుఁ దెలియదు. అప్పుడు పదునొకంటిచే శోధింపవలెను. ఏకస్థానమునుండి యంకెలను నొకటి విడిచి యొకటి కూడుచుఁ దీసివేయుచుఁ బోయినచో సరియగు పాఠమునకు 37 వచ్చును. పదునొకంటిచే భాగించిన శేషము నాలుగు. రెట్టింపుల శేషములు పదునొకంటియెడఁ బదింటి కొకమాఱు తిరుగును. అఱువదినాలుగవదానికి శేష మైదు, ఒకటి తీయఁగా నాలుగు. రంధ్రమును సున్నగాఁ జదివినచో 28 వచ్చును, శేష మాఱు. కావున నది తప్పు. మొదటి రెండుపదములను మార్చినచో 29, శేష మేడు. ప్రాస చెప్పిన తీర్పునే గణితమును జెప్పినది.

చోడగంగుని శాసనమున వంశక్రమము రంధ్రశబ్దమునకుఁ దొమ్మిదియని యర్థము నిర్ణయించినట్లే, చతురంగపద్యమునఁ బదునొకంటి శోధన యా శబ్దమునకు నా యర్థమునే నిర్ణయించుచున్నది. రెండుమార్గములును వేఱు, ఫలిత మొకటి.

సంఖ్యాంతర్భాగములు

ఈ సంఖ్యను విభజించి చూచినచో నింకొక విశేషము గోచరించును. వర్గక్రమమునఁ బుట్టిన 2, 4, 16, 256, 65536, 4294967296 అను నాఱు సంఖ్యలకు నొక్కొక్కటి చేర్చిన 3, 5, 17, 257, 65537, 4294967297 వచ్చును. ఈ యాఱింటి లబ్ధమే చతురంగసంఖ్య. ఒక రాశికి నొకటి కలిపినదానిని, ఒకటి తీసినదానిని గుణింప నా రాశివర్గముకంటె నొకటి తక్కువ వచ్చునను సామాన్యసూత్ర మిందులకుఁ గారణము.

ఈ క్రమమున వచ్చు సంఖ్యలన్నియు నవిభాజ్యములని పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సుదేశీయుఁడగు ఫెర్మా తలఁచెను. మొదటి యైదును నట్టివే. కాని యాఱవదియగు 4294967297 అట్టిది కాదని, దానిని 641 నిశ్శేషముగా భాగించునని 1732 లో ఆయిలరు కనిపెట్టెను, లబ్ధము 6700417. కాఁగాఁ జతురంగసంఖ్యకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను నేడు అవిభాజ్యములు గుణకములు. ఏదియు రెండవమాఱు రాదు. మన పాఠశోధనకు వీనిలోఁ బ్రతిదియు నొక యొరగల్లే. ఒక్కదానిచేత భాగింప శేషము మిగిలినను బాఠము తప్పు.

నేఁటి గణనయంత్రములును నీ సంఖ్యను విడువలేదు. వానిలో నంకెలు సున్న, ఒకటి యను రెండింటిచేతనే వ్రాయఁబడును. అఱువదినాలుగు స్థానములలోను నొకట్లే నింపిన నేర్పడు సంఖ్య యిదియే. పింగళుని గురులఘుప్రస్తారమునకును యంత్రలిపికిని మూలసూత్ర మొక్కటియే.

ఉపసంహారము

దీనినిబట్టి తేలిన దేమనఁగా, శబ్దాంకముల విషయమునఁ బాఠమాధుర్యముచేఁ బాఠనిర్ణయము చేయరాదు. గిరియుఁ గరియు రెండును మధురములే, రెండును ఛందోబద్ధములే. సంఖ్య కేదియో యొక స్వతంత్రసాక్ష్యము గలిగినయెడల ముందు దానిని విచారింపవలెను. చతురంగపద్యమున నా సాక్ష్యము గణితము. గాంగశాసనములయందు వంశక్రమమును, వారతిథినక్షత్రములును. వజ్రహస్తుని పట్టాభిషేకమునకు శకవర్షముతోడనే యాదివారము, శుద్ధతదియ, రోహిణీనక్షత్రము చెప్పియుండుట యలంకారమునకుఁ గాదు. అవి పద్యమందలి యతిప్రాసములవలెఁ గావళ్లు.

కావున సంఖ్యావాచకములుగల పద్యములను బ్రకటించువారు మూఁడుపనులు చేయుట లెస్స. మొదటిది, తాళపత్రముల పాఠభేదములను, ఎంత యల్పములైనను, బరిత్యజింపక చూపుట. రెండవది, ప్రతిపాఠమునకు వచ్చు సంఖ్యను అంకెలతో వ్రాసి ప్రక్కన నుంచుట. మూఁడవది, ఏ సాక్ష్యముచే నొక పాఠమును గైకొనిరో దానిని జెప్పుట. సాక్ష్యము లేనిచోట రెండుసంఖ్యలను నిలిపి, నిర్ణయమును గాలమునకు విడుచుట మేలు. గ్రంథము నెఱిఁగినవాఁడు గణితమును, గణితము నెఱిఁగినవాఁడు గ్రంథమును నుపేక్షించుటచేతనే శబ్దాంకములయందలి తప్పులు నిలిచిపోవును. ఇరువది పదములతో నిరువది యంకెలను బద్యమున నిలిపిన తెలుఁగుకవి యా రెండువిద్యలను వేఱుగాఁ జూచినవాఁడు కాఁడు. ఆతని పద్యమును రక్షించువారును నట్లే చూడవలయును.